గొడుగు ప్యాసేజీ

కోరుట్ల. ఆదివారం పొద్దున. రేణుక ఇంటి ముందుగది. కథలాపూర్ నుంచి ఆమె మరిది సాయిలు తన కూతురు సుస్మితను తీసుకొని వచ్చాడు.

"మల్ల చదువు."

"చదివిన పెద్దమ్మా."

"చూసినవ్. చదువలే. కండ్లు కాగితం మీద పెట్టుడు చదువుడు కాదు సుస్మితా. గట్లయితే మా గోడ మీది బల్లి గూడ ఈపాటికి డిగ్రీ పాసయితుండె. మల్ల చదువు. పెదవులు కదుపకుంట."

"వదినె, జర నిమ్మళంగ. పొద్దుగాల లేచినప్పటిసంది ఏం తినలే అది. భయానికి అన్నీ మరుస్తున్నది."

"నువ్వు నడుమ రాకు సాయిలూ. సీటు కోసం రాసే పరీక్షల యూనివర్సిటోడు పొద్దున ఏం తిన్నవని అడుగడు. అయిందా? చెప్పు ఇప్పుడు. మొదటి ప్రశ్న. ఈ ప్యాసేజీ దేని గురించి?"

"లండన్‌ల వానల గురించి."

"వానల గురించి."

"ఆఁ. బాగ పడతయని."

"విన్నవా సాయిలూ? నీకు గూడ తెలిసేటట్టు చెప్త, విను. వెనుకట లండన్‌ల మొగోళ్ళు గొడుగు పట్టుకునుడు సిగ్గనుకునేటోళ్ళు. ఒకాయన ధైర్యం చేసి, పట్టుకొని బజార్ల నడిచిండు. ఊరంత నవ్విండ్రు. అందరికన్న ఎక్కువ గుర్రబ్బండ్లోళ్ళు తిట్టిండ్రు. ఆయన పట్టు ఇడువలే. కొన్నేండ్లకు ఎవ్వని చేతుల చూసినా గొడుగే. కథ ఇంతే. ఇండ్ల నీ బిడ్డకు వానలు కనవడ్డయి."

"వాన లేకుంటే గొడుగెందుకు వదినె? అది అన్నది గూడ..."

"నువ్వు రాస్తవా పరీక్ష? రాస్తే ఇటు వచ్చి కూసో."

"నాకెందుకు వదినె. కల్లు గీసేటందుకు తాళ్ళెక్కినోన్ని, ఆటెన్క దుబాయ్‌ల సిమెంటు మోసినోన్ని. అరబ్బోని తిట్లు తప్ప నాకు ఏ ఇంగ్లీషు రాదు."

"అరబ్బోడు తిట్టేది ఇంగ్లీషుల కాదు."

"సూడు, నాకు గది గూడ తెల్వది."

"రెండో ప్రశ్న. బండ్లోళ్ళు ఎందుకు తిట్టిండ్రు? నాలుగు జవాబులున్నయి. ఒకటి, గొడుగును చూసి గుర్రాలు బెదిరినయి. రెండు, గొడుగు పరదేశపు వస్తువు. మూడు, గొడుగుంటే వానల బండెక్కేటోళ్ళు తగ్గుతరు. నాలుగు, ఆయన మీద పాత పగ. తొందర లేదు, ఆలోచించు."

"ఒకటి."

"గుర్రాలు బెదిరినయి. యాడున్నది గా ముచ్చట? వేలు పెట్టి చూపియ్యి."

"అనుకున్న."

"అనుకున్నవ్. అనుకునేటందుకు కాదు నీకు కాగితం ఇచ్చింది. జగిత్యాల కోచింగుల గిదేనా నేర్పింది? ఆ సారు ఏమన్నడు, ప్రశ్నల ఉన్న మాట ప్యాసేజీల యాడ కనవడితే ఆడ గీత పెట్టుమన్నడా?"

"గట్లనే అన్నడు."

"అనే ఉంటడు. బర్రెకు గడ్డి చూపిచ్చినట్టు చదువు చూపిస్తడు, రాసినదాని వెనుక రాయనిది గూడ చదువాలె అని చెప్పడు. గా గైడు ఇటు తే. ఎవడు రాసిండు ఇది? మొదటి పేజీల ఆయన ఫొటో, టై కట్టుకొని. లోపల ప్రతి జవాబుకు కింద 'ఇదే సరైనది' అని ఉన్నది, ఎందుకు సరైనదో లేదు. ఇసొంటి బుక్కును చదివితే ఉన్నది గూడ పోతది."

"వదినె, చాయ మంచిగున్నది."

"చక్కెర ఎక్కువైంది. నువ్వు మంచిగున్నదన్నా ఎక్కువే."

"ఒక మాట చెప్పాలె వదినె. దేవదాస్ ఇయ్యాల్టి దాకనే ఆగుతనన్నడు."

"ఏ దేవదాస్?"

"సిరిసిల్లాయన. ముందుగాల మరమగ్గాలు నడిపె గద. అవి మూతవడ్డంక విజాల పనిల వడ్డడు. షార్జా విజా ఒకటి నా పేరు మీద పట్టి వెట్టిండు. ఈ నెలాఖరుకు విమానం. పోతనా ఉంటనా ఇయ్యాల చెప్పాలె. లేకుంటే గొల్లపల్లోడు ఒకడు కాళ్ళ మీద నిలవడ్డడట, వానికిస్తడు."

"చెప్పు మరి. దానికి నన్ను అడుగుడెందుకు?"

"నీ మాట మీదనే ఉన్నది వదినె. బిడ్డకు హైదరాబాద్‌ల సీటొస్తదని నువ్వంటే, నేను పోను. ఇది హాస్టల్ల ఉండి, నేను షార్జాల ఉంటే, ఇంట్ల దీని తల్లి భాగ్య ఒక్కతి. ఆడిమనిషి ఒక్కతి ఉంటే లోకం ఊకుంటదా? ఎవడచ్చిండు, ఎవడు పోయిండు, గదే ముచ్చట. మా అవ్వ ఉన్నన్నొద్దులు ఫికర్ లేకుండె. అవ్వ పాయె. ఇగ భాగ్యకు ఇదే తోడు. ఇది ఇంట్ల ఉంటే నేను పోత. ఇది పోతే నేనుంట. గంతే."

"అంటే బిడ్డ చదువు కోసం విజా ఇడిచిపెడ్తవా?"

"ఇడిచిపెడ్త. తాళ్ళెక్కే మోకు ఇంట్లనే ఉన్నది, తాళ్ళు మొత్తం ఎండిపోలే. ఇన్నేండ్లు గా ఎండల కొట్టుకుంటిని. ఇంటికాడ ఉంట, భాగ్యను సూసుకుంట. గని సీటు రాకుంటే మాత్రం విజా పాయె, సీటు పాయె. రెండింటికి చెడ్డోన్నయిత. అందుకే నీ కాడికి తెచ్చిన. డిగ్రీ సదివినదానివి, మా ఇండ్లల్ల ఇంగ్లీషు సక్కగ వచ్చేది నీ ఒక్కదానికే. పరీచ్ఛ చేసి చెప్పు."

"విన్నవా సుస్మితా? బిడ్డ చదువుకని విజా కాలదన్నే తండ్రి ఈ మండలం మొత్తం మీద ఒక్కడున్నడా? ఒక్కన్ని చూపియ్యి. ఈయన గంత మాట అంటున్నడు, నువ్వేమో గుర్రాలు బెదిరినయంటున్నవ్."

"మూడోది అడుగు పెద్దమ్మా."

"అడుగుత. తొందరేంది, ఏదో పొడిచినట్టు. మూడోది. రాసినాయన ఎట్ల రాసిండు? కోపంగనా, బాధతోనా, లోలోపల నవ్వుకుంటనా, ఏదీ పట్టనట్టా?"

"కోపంగ."

"'గొడుగాయన మీద ఆ రోజు వానకన్న తిట్లే ఎక్కువ కురిసినయి' అని రాసిండు. ఇది చదివితే నీకు కోపం కనవడ్డదా? మా అంట్లు తోమే నర్సక్కకు చెప్పినా నవ్వుతది."

"వదినె, నాకొకటి సమజ్ కాలే. నలుగురు నవ్వుతరని తెలిసి గాయన గట్ల బజార్ల తిరుగుడెందుకు? ఇజ్జత్ లేదా?"

"నలుగురి కోసం తడుసుకుంట నడువాల్నా మరి?"

"మొగోడన్నంక నలుగురిని సూసే నడువాలె వదినె. ఆగు, ఒక్క నిమిషం. హలో. ఏడున్నవ్? వంటింట్లనా? మరి బయట గా సప్పుడేంది? వీడియో వెట్టు. వెట్టుమంటున్న గద. ఆఁ, తలుపు దిక్కు తిప్పు. అటు కాదు, వాకిలి దిక్కు. సరె. తిన్నవా? సరె."

"భాగ్యనా? మీరొచ్చి గంట గూడ కాలే."

"చెయ్యి బాగలేదు గద, ఎట్లున్నదో అని."

"మల్ల ఏమైంది చెయ్యికి?"

"బాత్రూంల జారింది. ఇక్కడికే తోల్కచ్చి కట్టు కట్టిచ్చిన. ఎన్నిసార్లు చెప్పినా గంతే, సూసుకొని నడువది."

"దసరకు గూడ జారిందంటిరి. మా చెల్లె బిడ్డ పెండ్లికి గదే మాట చెప్పి రాకపాయె. బీడీల చాట ముంగట కూసోని కూసోని కాళ్ళున్న సంగతే మరిచినట్టున్నది. మీ అమ్మకు నడుసుడు రాదు, నీకు చదువుడు రాదు సుస్మితా. మీ ఇద్దరితోని ఈయన ఎట్ల ఏగుతుండో."

"నాలుగోది."

"ఏందా గొంతు? చెవిటోళ్ళకు చెప్పినట్టు."

"ఏం లేదు పెద్దమ్మా. నాలుగోది అడుగు."

"జీర్ అనే మాట ఉన్నది, గీత గీసిండ్రు. దాని అర్థం?"

"మెచ్చుకునుడు."

"మెచ్చుకునుడు కాదు, ఎక్కిరిచ్చుడు. పోయిన నెల ఇక్కడ్నే కూసోని టీవీల క్రికెట్ చూసుకుంట నువ్వే అన్నవ్ గా మాట. మంది జీర్ చేస్తుండ్రు పెద్దమ్మా అన్నవ్. సరిగ్గనే వాడిందని నేను గూడ మనసుల అనుకున్న. నెలల మరిచినవా?"

"మరిచిన."

"ఏం బుర్ర. జల్లెడ. ఐదోది. గొడుగాయన ఎసొంటి మనిషి? పట్టుదల ఉన్నోడా, పిరికోడా, గొప్పలు చెప్పుకునేటోడా, పిసినారా?"

"పిరికోడు."

"ఊరంత నవ్వంగ ఊరి నడుమ నడిచినోడు పిరికోడు."

"ఆఁ."

"నా ముఖం చూసుకుంట అంటున్నవ్ చూడు, గా ధైర్యానికి మెచ్చుకోవాలె. ఆరోది. దీనికి పేరు పెట్టాలంటే ఏది కుదురుతది?"

"గుర్రాల చరిత్ర."

"సాయిలూ, గీమెను ఇంటర్ల పాస్ చేసినోడు ఎవడు? నాకు చూడబుద్ధి అయితున్నది వాన్ని."

"పక్కన కూసున్నోని దాంట్ల చూసి రాసిందేమో వదినె."

"గా పక్కనోన్ని తోల్కొస్తే అయిపోతుండె గద. ఏడోది?"

"రెండు."

"ప్రశ్న చదువకుంటనే?"

"చదివిన. రెండు."

"తప్పు. ఎనిమిది?"

"నాలుగు."

"తప్పు. తొమ్మిది?"

"ఒకటి."

"తప్పు. మాట మాటకు తప్పు. తప్పు అని అని నా నోరు ఎండుతున్నది, చెప్పేదానికి మాత్రం చీమ కుట్టినట్టు లేదు."

"వదినె, దేవదాస్ ఫోన్. ఇంట్ల సిగ్నల్ లేదు, గేటు కాడికి పోయి మాట్లాడత. ఏమని చెప్పాలె?"

"ఇంకొకటి ఉన్నది. జరసేపు ఆగుమను."

"సరె. బిడ్డా, మంచిగ చెప్పు పెద్దమ్మకు. నీ మీదనే ఉన్నది అంత."

"పోయిండు. ఇగ ఇటు చూడు సుస్మితా. పదోది గైడుల లేదు, నేనే అడుగుతున్న. ఈ కథ ఏ ఊర్ల జరిగింది?"

"ఢిల్లీల."

"లండన్ అని మొదటి జవాబుల నువ్వే చెప్పినవ్."

"మరిచిన పెద్దమ్మా."

"ఊకో. నన్ను గంత తక్కువ చూడకు. మా ఇంటాయన కండ్లు మూసుకొని గీతలు పెట్టినా రెండో మూడో తగులుతయి. ఏమీ రానోనికి అన్నీ తప్పు కావు. నీకు ఒక్కటి తగల్లే. అంటే సరైనదేదో ప్రతిసారి చూసుకొని, పక్కకు జరిగినవ్. అన్నీ వచ్చినోళ్ళే గట్ల తప్పు చెప్పగలుగుతరు."

"కాదు. నిజంగనే రాలే."

"అబద్ధం ఆడినప్పుడన్న జర మంచిగ ఆడు. నడుమ ఒకటి రెండు ఒప్పు చెప్పే తెలివి గూడ లేకపాయె. ఎందుకు చేసినవ్?"

"హైదరాబాద్ పోను నేను."

"ఎవడన్న ఉన్నడా ఊర్ల?"

"ఎవడు?"

"వాడెవడో. ఇడిచి పోలేనోడు."

"థూ. ఎవడు లేడు."

"హాస్టలంటే భయమా?"

"కాదు."

"మరి నువ్వు పోకుంటే ఏమొస్తది నీకు? మీ బాపు షార్జా పోతడు, గంతే గద. ఓహో. గదా సంగతి. దుబాయ్ డబ్బాలు అలవాటైనయి. సెంట్లు, ఫోన్లు, చాక్లెట్లు. మనిషి గా ఎండల మాడినా మంచిదే, సామాను రావాలె. బాపు పోవాల్నా నీకు?"

"పోవాలె."

"సిగ్గనిపిస్తలేదా గంత అల్కగ అనేటందుకు? ఆయన నీ కోసం అచ్చిన విజా..."

"మా బాత్రూంల బండలు లేవు పెద్దమ్మా."

"ఏంది?"

"గరుకు సిమెంటు. ఎన్ని నీళ్ళు పోసినా జారదు. ఎన్నిసార్లు రాలే నువ్వు మా ఇంటికి? ఆడ్నే కాళ్ళు కడుక్కున్నవ్."

"అంటే?"

"రాయనిది గూడ చదువాలె అని నాకు నేర్పుతవ్. దసరకు నడుము. ఉగాదికి కన్ను, తలుపు తాకిందని చెప్పిండు. ఇప్పుడు చెయ్యి. మూడు చదివి నువ్వేం చెప్పినవ్? మా అమ్మకు నడుసుడు రాదన్నవ్."

"సాయిలా?"

"మా ఇంట్ల ఇంకెవడున్నడు?"

"ఎప్పటిసంది?"

"నాకు తెలిసినప్పటిసంది. సెలవుల వచ్చినప్పుడల్ల. అప్పుడు రెండు నెలలుండి పోతుండె, అమ్మ ఓర్చుకుంటుండె. ఈసారి కంపెనీ మూతవడి వచ్చిండు, ఇగ పోలే. ఎవనితోని మాట్లాడినవ్, ఫోన్ ఎందుకు ఎత్తలే, గదే గొడవ. నానమ్మ ఉంటే జర వెనుకకు జరుగుతుండె. ఇప్పుడు నేను నడుమ నిలవడుత. నన్ను కొట్టడు. నేను హైదరాబాద్‌ల ఉంటే నడుమ ఎవరు నిలవడుతరు?"

"నాతోని ఒక్కసారన్న చెప్పకపాయె ఆమె."

"ఎట్ల చెప్తది? నువ్వు ఏమంటవో అని భయం. నీ మాటలంటే అందరికీ భయమే పెద్దమ్మా. పెద్దబాపుకు చెప్పింది."

"ఆయనకు తెల్సా?"

"తెల్సు. ఎట్లన్న మల్ల దుబాయ్ పోయేటోడే గద, అప్పటిదాక సర్దుకోమన్నడు."

"ఆయన అన్నడా. గా నోటితోని. పొద్దున సాయిలుకు ఎదురువోయి భుజం మీద చెయ్యేసి లోపలికి తోల్కొచ్చె."

"ఎవడన్న దుబాయ్ పోతుంటే ఇంటోళ్ళు బస్టాండుల ఏడుస్తరు. మా బాపు పోయిన రోజు మా అమ్మ తలకు పోసుకుంటది. మీ అందరికి మనిషి పోతే బాధ. మాకు ఉంటే."

"పరీక్ష ఎప్పుడు?"

"వచ్చే నెల. గని రాయను."

"ఎందుకు రాయవ్? రాస్తే ఏమైతది?"

"సీటొస్తది."

"గంత నమ్మకమా?"

"వస్తది పెద్దమ్మా. గీ ప్యాసేజీ నీకన్న ముందే అయింది నాకు. సీటొచ్చిందని తెలిస్తే, ఆడిమనిషి ఒక్కతి ఉన్నదని బాపు వాపస్ వస్తడు."

"ఎట్ల వస్తడు? దిగంగనే పాస్‌పోర్టు కంపెనోడు గుంజుకుంటడు. రెండేండ్ల దాక చేతికియ్యడు. ఇంటింటికి గదే ఏడుపు గద మన దిక్కు. తల్లి సచ్చినా రాలేరు, నీ సీటుకు వస్తడా?"

"గది నేను అనుకోలే."

"అనుకోవు. గొడుగుల గురించి అయితే నాకన్న ముందు అయితది. ఈ నెలాఖరుకు ఆయన ఎక్కుతడు. వచ్చే నెల నువ్వు రాస్తవ్. జగిత్యాలకు నేను తోల్కపోత."

"మరి అమ్మ?"

"మా మీది గది ఖాళీగనే ఉన్నది. బీడీలు ఈడ కూసోని గూడ చేసుకోవచ్చు. రెండేండ్లల్ల నీకు కాళ్ళొస్తయి, ఆమెకు చెయ్యి నయమైతది. ఆయన తిరిగొచ్చినప్పటి సంగతి అప్పుడు చూద్దాం."

"పెద్దబాపు ఊకుంటడా?"

"నా మాటలంటే అందరికి భయమన్నవ్ గద. ఆయనకు ఉండదా? కండ్లు తుడుచుకో. వద్దు, తుడువకు, గట్లనే ఉండు. తిట్లు తిన్నదానివే గద."

"బాపు వస్తుండు పెద్దమ్మా."

"తల కిందికి పెట్టు."

"వదినె, దేవదాస్ లైన్ల ఉన్నడు, పెట్టెయ్యకు అన్న. ఏడుస్తున్నదేంది ఇది? ఏమైంది? సీటొస్తదా రాదా, నిజం చెప్పు. నేను ఉండుడేనా?"

"ఏం సీటు సాయిలూ, పదింటికి పది తప్పు చెప్పింది నీ బిడ్డ. ఇది ఏడికీ పోదు, తల్లి పక్కన కూసోని బీడీలు చేసుకుంటది. నువ్వు నిమ్మళంగ విమానం ఎక్కు."